నీకెవులు సెప్పారు?

నేను దొరికిందల్లా చదువుతాను. మందుల డబ్బాలో మడతలు పెట్టి దూర్చే పల్చటి కాగితం చదువుతాను. కుక్కర్‌తో పాటు వచ్చిన పుస్తకం చదువుతాను. బస్సులో ముందు సీటు వెనకాల ఎవడో గీకిన ప్రేమకథ కూడా మొదటి అక్షరం నుంచి చివరి బూతు దాకా చదువుతాను. ఇదేమీ గొప్ప గుణం కాదు. కొందరికి గోళ్ళు కొరికే అలవాటు ఉంటుంది, నాకిది.

మా ఆయన ఏదీ చదవడు. చదువు రాక కాదు, డిప్లమా చేశాడు. స్టీలు ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. అక్కడ ఒక షిఫ్ట్ దిగి ఇంకో షిఫ్ట్ ఎక్కేటప్పుడు, దిగే మనిషి ఎక్కే మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి. ఫలానా వాల్వు బిగుసుకుపోతోంది, ఫలానా మోటారు వేడెక్కుతోంది, చూసుకో. రాసే పుస్తకం కూడా ఉంటుంది, అందులో అన్నీ రాస్తారు. అయినా మనిషి నోటి వెంట వస్తేనే వీళ్ళకు అది సమాచారం. చెప్పేవాడి మొహం చూస్తే వాడు నిద్రమత్తులో ఉన్నాడో, సంగతి దాస్తున్నాడో తెలిసిపోతుందట. ఎవరైనా ఏదైనా అంటే మొదటి ప్రశ్న, "ఎవులు సెప్పారు?" చెప్పినవాడి పేరు దొరికితే నమ్మకం, దొరక్కపోతే పుకారు. వేడి ఇనుము దగ్గర పని చేసేవాళ్ళకు అది ప్రాణం కాపాడే పద్ధతే, కాదనను. కానీ మా ఆయన దాన్ని బూట్లతో పాటు గుమ్మం బయట విడిచి రాడు.

"రేపు కరెంటు పోతాదట బావా," అంటాను. మా ఆయన నాకు మేనబావ, పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు.

"నీకెవులు సెప్పారు?"

"పేపర్లో వచ్చినాది."

"పేపరోడికెవులు సెప్పారు?"

నవ్వులాటకు అనడు, నిజంగానే అడుగుతాడు.

ఆ ఆట మా ఇంట్లోకి కరోనా రోజుల్లో వచ్చింది. బయటికి పోయి నలుగురూ కలిసే వీల్లేక, మా ఆయనా, ఆయన స్నేహితులూ కంప్యూటర్ల ముందు కూర్చుని అంతరిక్షంలో కలవడం మొదలుపెట్టారు. ప్రపంచం మొత్తం ఒకేసారి ఆడే ఆట. నక్షత్రాలు, వాటి మధ్య దూకడానికి గేట్లు, గేట్ల పక్కన స్టేషన్లు. ఎవరి ఓడ వాళ్ళు కట్టుకోవాలి. ఓడ పేలిపోతే పోయినట్టే, మళ్ళీ రాదు. గాజువాక, కూర్మన్నపాలెం, పోర్టు కలిపి ఎనిమిది మంది మగాళ్ళు ఒక జట్టు. మా ఆయన నాయకుడు. ఒక గేటు పక్కన వీళ్ళు స్టేషన్ కట్టుకున్నారు. సొంత ఇల్లు కట్టుకోలేని వాళ్ళం, అక్కడ మాత్రం స్టేషన్‌కి గృహప్రవేశం చేశారు. అందరూ హెడ్‌సెట్లు పెట్టుకుని కొబ్బరికాయ కొట్టిన చప్పుడు నేను వంటింట్లోంచి విన్నాను.

ఆదివారాలు హాల్లోంచి ఆ అరుపులు వింటూ కూర్చోవడం కంటే నేనూ దూరిపోవడం మేలనిపించింది. హాల్లో ఆయన, పడగ్గదిలో లాప్‌టాప్ పెట్టుకుని నేను. ఒకే గదిలో కూర్చుంటే ఒకరి మాట ఇంకొకరి మైకులో పడి గోల. అందువల్ల ఆయన మాట నాకు రెండుసార్లు వినబడేది. ముందు గోడ అవతల నుంచి, ఆ తర్వాత కొంచెం ఆలస్యంగా హెడ్‌సెట్‌లోంచి. దువ్వాడలో ఉన్న మనిషి గొంతు ఏ దేశానికో పోయి తిరిగి మా పడగ్గదికి చేరేది.

ఆ ఆట కథ చెప్పదు. అదే నాకు నచ్చింది. సినిమాలా కూర్చోబెట్టి అనగనగా అని మొదలుపెట్టదు. కథను ముక్కలు చేసి, పనికిమాలిన చోట్ల దాస్తుంది. దుకాణంలో ఒక బోల్టు కొంటే, దాని బొమ్మ కింద నాలుగు వాక్యాలు ఉంటాయి. ఈ బోల్టు ఏ ఊళ్ళో చేశారు, ఆ ఊరు ఎందుకు పాడుబడింది. స్టేషన్‌లో ఒక మూల టీవీ లాంటిది వార్తలు చదువుతూ ఉంటుంది, దాని ముందు ఎవరూ నిలబడరు. విరిగిపోయిన ఓడల్లో చచ్చిపోయిన వాళ్ళు రికార్డు చేసి పెట్టిన గొంతులు దొరుకుతాయి. ఒకసారి ఒక ఓడలో వంటావిడ గొంతు దొరికింది. ఉప్పు అయిపోయిందని కెప్టెన్‌కి చెప్పి మూడు రోజులైనా పట్టించుకోలేదని తిడుతూ ఉంటుంది. తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి, "కిటికీ అవతల దీపం ఆరిపోయిందేమిటి?" అంటుంది. అంతే, తర్వాత చప్పుడు లేదు. నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను.

ఆ తర్వాత నేను తుపాకులున్న ఓడ కట్టుకోలేదు. నెమ్మదిగా నడిచే పెద్ద కడుపు ఓడ కట్టుకున్నాను. పాడుబడిన చోట్లకు పోయి గొంతులు ఏరుకొచ్చి అందులో దాచుకునేదాన్ని. ఆటలో రాతంతా ఇంగ్లీషు, ఆ గొంతులదీ ఇంగ్లీషే. కానీ నా చెవికి వాళ్ళంతా మా ఎలమంచిలి ఆడవాళ్ళలాగే మాట్లాడేవారు.

మగాళ్ళు ఒక్క ముక్క చదివేవారు కాదు. ఏదైనా పని అప్పగించేటప్పుడు ఆట ఒక పేజీ రాత చూపించి, కింద 'సరే' అనే మీట పెడుతుంది. వీళ్ళు దోమను కొట్టినట్టు ఆ మీటను కొట్టేవారు. కొట్టాక, "వొదినా, ఏటి సేయమంటంది?" అని అడిగేవారు. నేను చదివి చెప్పేదాన్ని. ఎడమ చేతి గ్రహం దగ్గరకు పోవాలి, తుపాకులు పేల్చకూడదు, పెట్టె తేవాలి. అందరూ నా మాట మీద పోయి, పని చేసుకుని, తిరిగొచ్చి, గెలుపు పంచుకునేవారు. జట్టులో నా ఉద్యోగం అది. వీళ్ళ కళ్ళద్దాలు నేను. నిజం చెప్పాలంటే నాకది గర్వంగానే ఉండేది. నేను ఉద్యోగం చేసే ఆఫీసులో ఎవరూ నన్ను అంతగా అడిగేవారు కాదు.

ఒక వారం ఆట అప్‌డేట్ అయింది. నేను అలవాటుగా దుకాణంలోకి పోయి సరుకులన్నీ తిరగేశాను. గేటుకు వేలాడదీసే దీపం ఒకటి ఉంటుంది, అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు, చాలా చౌక. దాని కింద ఉండే రాతకు ఒక వాక్యం కొత్తగా చేరింది. దీన్ని వెలిగించి వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తున్నారు, ఇది ఆరిన గేటు దగ్గర ఉండకండి, అని. మూల టీవీ ముందుకు పోయి నిలబడ్డాను. ఎక్కడో దూరాన ఒక గేటు దీపం ఆరిపోయిందని చెప్పింది. మరుసటి వారం దాని పక్క గేటు. ఆ మరుసటి వారం ఇంకా ఇటు. ప్రతిసారీ ఆదివారమే. దీపం ఆరిన చోటుకు ఏవో యంత్రాలు వచ్చి ఉన్నదంతా నమిలేస్తున్నాయి. వరస చూస్తే తర్వాతిది మాదే.

భోజనం దగ్గర చెప్పాను. "బావా, ఆదివారం లోపు ఓడలన్నీ అక్కడి నుంచి తీసీండి. దీపం ఆరిపోతాది. ఏదో వచ్చి తినీస్తాది."

"నీకెవులు సెప్పారు?"

"దీపం కింద రాసున్నాది."

ఆయన నవ్వి పప్పు వడ్డించుకున్నాడు. పక్కన కూర్చుని తింటున్న మా మరిది కూడా నవ్వాడు. మా అత్తవారి ఊరు ఆనందపురం నుంచి వచ్చి, దువ్వాడలో ఉద్యోగం వెతుక్కుని, మా ఇంట్లో ఉండి మా ఇంట్లో తినే మనిషి. "దీపం మాటాడినాదేటి వొదినా?" అన్నాడు.

ఆదివారం దీపం ఆరింది. మూడు గంటల షిఫ్ట్ బస్సు హారన్ కొట్టే వేళకు గేటులోంచి అవి వచ్చాయి. హాల్లోంచి ఆయన కేకలు, హెడ్‌సెట్‌లోంచి మళ్ళీ అవే కేకలు. జట్టులో సగం ఓడలు పోయాయి, స్టేషన్ మాత్రం నిలిచింది. నా ఓడ బతికింది, ఎందుకంటే నేను రెండు రోజుల ముందే దాన్ని దూరంగా పెట్టుకున్నాను. మా పక్కనే స్టేషన్ ఉన్న ఎదుటి జట్టు కూడా బతికింది. వాళ్ళు కూడా ముందే ఖాళీ చేసి, బయట కాచుకుని కూర్చున్నారు. యంత్రాలు పోయాక తీరిగ్గా వచ్చి మా వాళ్ళ ఓడల శిథిలాల్లో పనికొచ్చేదంతా ఏరుకుని పోయారు.

అందులో రహస్యమేమీ లేదు. వాళ్ళలో కూడా చదివేవాళ్ళున్నారు. కానీ మా వాళ్ళకు ఆ ఆలోచన రాలేదు, రాదు కూడా. వీళ్ళ లెక్కలో ఒక సంగతి ఒకరికి తెలిసిందంటే దాన్ని ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. ఎదుటి జట్టుకు ఎవరు చెప్పారు? అందరికంటే ముందు ఎవరికి తెలుసు? ఎవరి ఓడ బతికింది? ప్లాంటు చదువు, పోర్టు చదువు అంతా కలిపి తేల్చిన జవాబు నేను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నా మీద విచారణ పెట్టారు. విచారణ అనే మాట నాది కాదు, వాళ్ళు పెట్టుకున్నదే. మిగిలిన ఓడలన్నీ స్టేషన్ ముందు గుండ్రంగా నిలబెట్టి, మధ్యలోకి నన్ను రమ్మన్నారు. నేను నా కడుపు ఓడను నడిపించుకుంటూ పోయి మధ్యలో నిలబడ్డాను. నవ్వొచ్చింది కూడా. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టుంది అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అడిగేవాడు పోర్టులో క్రేన్ నడిపే ఆయన. వాళ్ళది కృష్ణా జిల్లా, తండ్రి కాలంలో వచ్చి స్థిరపడ్డారు. చాలా మర్యాదస్తుడు. పండగలకు మా ఇంటికి అరిసెలు పంపుతాడు. ఆ మర్యాదతోనే మొదలుపెట్టాడు.

"చూడు చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు. నీకు ఎవరు చెప్పారో చెప్పేస్తే అయిపోద్ది."

"ఎవులూ సెప్పలేదన్నయ్యా. దీపం కింద రాసుంది. ఇప్పుడూ ఉంది. తెరిచి సూడండి."

"రాసుంటే మాకెవరూ చెప్పలేదేం?"

"నాను సెప్పినాను కదా, మా బావకి."

"అదేనమ్మా అడిగేది. నీకు ఎవరు చెప్పారని."

ఈ గుండ్రంలో ఎంతసేపు తిరిగామో. గానుగెద్దు నయం, దానికి గంతలు కడతారు. ఎనిమిది మంది ముందర ఆ దీపం ఉంది. మౌస్ బాణం దాని మీద పెడితే చాలు, నాలుగు వాక్యాలు విచ్చుకుంటాయి. ఒక్కడు పెట్టలేదు. ఇన్నాళ్ళూ నా చేత చదివించుకున్న మనుషులే, నేను చదివానంటే నమ్మలేదు. పనుల కాగితాలు చదవడం గుమాస్తా పని, అది నాకు రావచ్చు. రాబోయేది చదివి తెలుసుకోవడం మాత్రం నాకు చేతకాదని అందరూ ఒకే మాట మీద ఉన్నారు.

అప్పుడు మా మరిది సాక్ష్యం చెప్పాడు. వాడు హాల్లో మా ఆయన పక్కనే, ఇంకో లాప్‌టాప్‌తో కూర్చున్నాడు. "వొదిన కతల సానల్లో ఉంటాది అన్నా. ఎదుటోల్లతో నవ్వుతా మాటాడతాది. నాను సూసినాను," అన్నాడు.

కథల చానల్ నిజమే. ఏ జట్టులో ఉన్నా సరే, రాతలు చదివే పిచ్చివాళ్ళంతా చేరి ముక్కలు అతుక్కునే చోటు అది. వంటావిడ ఉప్పు గురించి అక్కడ ఒక వారం మాట్లాడుకున్నాం. అవతలి మనిషి ఎదుటి జట్టువాడో కాదో ఎవరూ అడగరు. వాడి జట్టు స్టేషన్ గురించి నేను అడగలేదు, మా స్టేషన్ గురించి వాడు అడగలేదు. ఈ ముక్క చెప్పబోయాను. అంతలో క్రేన్ ఆయన దీర్ఘంగా నిట్టూర్చాడు. అయిపోయింది. నవ్వుతూ మాట్లాడాను కదా, ఇంకేం కావాలి.

"ఐదు నిమిషాలు మాట్లాడుకుంటాం చెల్లెమ్మా," అని నన్ను వాయిస్‌లోంచి తీసేశారు. హాల్లోంచి మా మరిది కేక వినబడింది. "వొదినా, టీ ఎట్టవా?"

పెట్టాను. నన్ను ఏం చెయ్యాలో తేల్చడానికి కూర్చున్నవాళ్ళకు అల్లం దంచి టీ పెట్టాను. మరిది చేతికిచ్చాను, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే తీసుకున్నాడు. మా ఆయన దగ్గర గ్లాసు పెట్టి అక్కడే నిలబడ్డాను. మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"బావా, ఒక్కపాలి ఆ దీపం మీద నొక్కు. నువ్వు సదివి, ఆల్లకి నీ నోటితో సెప్పు. నువ్వు సెప్తే నమ్ముతారు. నాకంతే సాలు."

నాకు ఓడ ముఖ్యం కాదని అబద్ధం చెప్పను, అందులో నా గొంతులన్నీ ఉన్నాయి. కానీ ఆ క్షణాన నాకు కావలసింది అది కాదు. నా పెళ్ళానికి చదవడం వచ్చు, చదివే తెలుసుకుంది, అని ఆయన నోటి వెంట ఒక్క మాట రావాలి. అదొక్కటే.

ఆయన నా మొహంలోకి చూశాడు. షిఫ్ట్ దిగే మనిషిని చూసినట్టు బాగా చూశాడు. "నాను నిన్ను నమ్ముతన్నానే," అన్నాడు మెల్లగా. "గానీ ఆల్లు ఊరుకోరు. ఇప్పుడు నాను నీ పక్క మాటాడితే జట్టు ఇరిగిపోతాది. గేమే కదా. ఓడెంత, మళ్ళీ కట్టుకుందుము."

నమ్మకపోతే బాగుండేది. నమ్మని వాడితో దెబ్బలాడొచ్చు.

పడగ్గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. వాళ్ళు ఇంకా టీ తాగుతున్నారు. ఆ ఆటలో ఓడకు ఒక నల్ల పెట్టె ఉంటుంది. కెప్టెన్ బతికుండగానే అందులో తన చివరి మాటలు రాసి పెట్టుకోవచ్చు. ఓడ పేలిపోయాక ఆ పెట్టె అక్కడే తేలుతూ ఉంటుంది. దగ్గరగా పోయే ఎవరైనా నొక్కి చదవొచ్చు. మా వాళ్ళంతా అందులో సినిమా డైలాగులూ, బూతులూ రాసుకున్నారు. నాది ఖాళీగా ఉండేది. ఆ కాస్త వ్యవధిలో రాశాను, తెలుగులోనే. నేను ఏరిన గొంతులన్నీ కలిపి చూస్తే ఇంకో సంగతి తేలుతోంది, అది రాశాను. ఆరిన దీపం కొన్నాళ్ళకు మళ్ళీ వెలుగుతుంది, అందరూ సంబరపడతారు, వెలిగిన రోజు అక్కడ ఉండకండి, ఈసారి స్టేషన్ కోసం వస్తాయి. కింద ఇంకో వాక్యం రాశాను. బావా, ఇది చదివితే పడగ్గదిలోకి వచ్చి చదివానని ఒక్క మాట చెప్పు, ఇదంతా నేను మర్చిపోతాను.

నన్ను మళ్ళీ వాయిస్‌లోకి తీసుకున్నారు. క్రేన్ ఆయన తీర్పు చదివాడు, చదివాడంటే నోటితో చెప్పాడు. జట్టు రహస్యం బయటపెట్టినవాళ్ళ ఓడ పేల్చడం పద్ధతి. నాయకుడే ఆజ్ఞ ఇవ్వాలి. "సారీ చెల్లెమ్మా," అన్నాడు, నిజంగానే బాధపడుతూ. పేల్చేవాళ్ళు బాధపడటం కూడా మనమే ఓర్చుకోవాలి.

"ఫైర్," అన్నాడు మా ఆయన, గోడ అవతల.

హెడ్‌సెట్‌లో ఇంకా రాలేదు. ఆ కాస్త ఎడంలో మీట నొక్కి దూరంగా దూకెయ్యొచ్చు, వేలు మీట మీదే ఉంది. దూకలేదు. ఏమో, రెండోసారి విందామనిపించింది. మొదటిది పొరపాటున విన్నానేమో అనిపించింది. "ఫైర్," అన్నాడు మా ఆయన, చెవిలో.

వంటావిడా, ఉప్పూ, కెప్టెన్లూ, పసిపిల్లాడికి జోల పాడిన ముసలాయనా, అందరూ ఒక్కసారే పోయారు. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, గ్లాసులు కడగడానికి లేచాను.

తర్వాత వారం మా అమ్మకు ఫోన్‌లో చెప్పి ఏడ్చాను. "ఆటలో పేల్సినాడా? నిన్ను కొట్టినాడేటి?" అంది. కొట్టలేదన్నాను. "తాగొచ్చినాడా?" తాగలేదన్నాను. "మరేటే నీ బాధ?" అంది. చెప్పలేకపోయాను. ఎవరికి చెప్పినా ఇంతే. గ్యాసు బుక్ చెయ్యడం, అద్దె, మా అత్తగారి మోకాళ్ళ నొప్పులు, అన్నీ మామూలుగానే జరిగాయి. నేను ఆట మానేశాను. ఆయన రెండుసార్లు, "కొత్త ఓడ కట్టుకోవే, మనోలే ఇత్తారు సామాన్లు," అన్నాడు. చీర చింపినవాడు జాకెట్ గుడ్డ కొనిస్తానన్నట్టుంది.

అంతా పోయినా నల్ల పెట్టె పోలేదు. సరిగ్గా వాళ్ళ స్టేషన్ గుమ్మం ముందు తేలుతోంది. కొత్తగా జట్టులో చేరినవాళ్ళకు దారి తెలియకపోతే నా మరిది చెప్పే మాట వంటింట్లోకి వినబడేది. "వొదిన శవం కాడ లెఫ్ట్ తిరుగు. తిన్నగా వచ్చీ." మొదటిసారి విన్నప్పుడు పొయ్యి కట్టేశాను. ఆ తర్వాత అది వాళ్ళ గుర్తయిపోయింది. గాజువాకలో ఫలానా హోటల్ దగ్గర మలుపు అన్నట్టు, వొదిన శవం దగ్గర మలుపు. ఇంత బాగా తెలిసిన చోటు వాళ్ళకు ఆ ఆకాశంలో ఇంకోటి లేదు. మా ఆయన రోజూ డ్యూటీ దిగి వచ్చి, దాన్ని ఒరుసుకుంటూ పోయి, స్టేషన్‌లోకి దూరేవాడు. ఒక్కసారి నొక్కాలి. నేను కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, హాల్లో కుర్చీ కదిలిన చప్పుడల్లా వినేదాన్ని. కుర్చీ కదిలేది. మంచినీళ్ళ కోసం.

మీరే చెప్పొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నేను చెప్పి చూశాను. చెబితే ఏమైందో ఇంతసేపూ చెప్పాను. మళ్ళీ అడగకండి.

ఒక ఆదివారం దీపం వెలిగింది. హాల్లోంచి ఈలలు, కేకలు. "ఎలిగీసినాది అన్నా! ఎలిగీసినాది!" మా మరిది ఎగిరి గెంతుతున్నాడు, కింది వాటా వాళ్ళు కర్రతో సీలింగు తట్టారు. పోయిన ఓడలన్నిటి బదులు వీళ్ళు కొత్తవి కట్టుకుని ఉన్నారు. అన్నీ తెచ్చి స్టేషన్ చుట్టూ దండలా నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. క్రేన్ ఆయన నాకు విడిగా ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, పాతవన్నీ మర్చిపోయి నువ్వు కూడా రావాల. మంచి రోజు," అన్నాడు. పని ఉందన్నయ్యా అన్నాను. ఉంది కూడా. నెత్తళ్ళు తెచ్చారు, వేలెడు చేపలు, ఎంత బాగుచేసినా తరగడం లేదు.

నేను వేపుడు మొదలుపెట్టేసరికి గేటులోంచి అవి వచ్చేశాయి. హాల్లో అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అరిచారు. మా ఆయన గొంతు ఇప్పుడు నాకు ఒకసారే వినబడుతుంది, గోడ అవతల నుంచి. "ఎవులూ సెప్పలేదేటి! ఒక్కడైనా సెప్పలేదేటి!" అని అరుస్తున్నాడు. చాలాసేపు అరిచాడు. స్టేషన్ పోయింది, ఓడలు పోయాయి, కొబ్బరికాయ కొట్టిన గుమ్మం పోయింది. మా మరిది ఏడ్చాడు. పాతికేళ్ళ మగాడు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. గేమే కదా అని ఎవరూ వాడికి చెప్పలేదు.

చాలాసేపటికి కుర్చీ కదిలింది. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

ఈసారి ఎవులు సెప్పారు అనలేదు. "నాకెందుకు సెప్పలేదే?"

"సెప్పినాను బావా. నా నల్ల పెట్టెలో రాసినాను. ఆ పొద్దు మీరు టీ తాగుతన్నప్పుడు. ఇన్నాళ్ళూ మీ గుమ్మం ముందలే ఉంది."

ఆయన గబగబా హాల్లోకి పోయాడు. తిరిగొచ్చాడు. యంత్రాలు ఆ చోటంతా ఊడ్చేశాయి, స్టేషన్‌తో పాటు పెట్టె కూడా పోయింది. అది నాకు ముందే తెలుసు. ఆయన తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక రాత చదవాలని ఆ మనిషికి అనిపించింది, చదవడానికి అది లేదు.

"స్టేషన్ ఇసయమేనా రాసినావు? ఇంకేటైనా రాసినావా?" అని అడిగాడు. నెమ్మదిగా, భయంగా అడిగాడు. ఏదో ఉందని ఆయనకు తోచింది.

నూనెలో నెత్తళ్ళు ఎర్రబడుతున్నాయి. గరిటతో కలిపాను. పొయ్యి తగ్గించాను. తిరిగి ఆయన మొహంలోకి చూశాను.

"ఏటీ లేదు బావా," అన్నాను. "స్టేషన్ ఇసయమే."

నోటితో చెప్పాను కదా. వెంటనే నమ్మేశాడు.